పరాభవ నుండి పరాభవ వరకు – ఒక కొండదారి మోటారు కారు చరిత్ర

ఈ ఉగాదితో పరాభవ నామ సంవత్సరం ప్రవేశిస్తున్నది. పేరు వినగానే మొగం చిట్లించుకొనేవారు లేకపోలేదు. కాని అరవై యేండ్లకు ఒక్కసారి తిరిగి వచ్చే ఈ పేరు కిందటి మారు వచ్చినది 1966లో. ఆ యేడు ఏమేమి జరిగినవో మన పెద్దలకు బాగా జ్ఞాపకం. జూన్ నెలలో రూపాయి విలువ తగ్గించినారు. డాలరుకు 4 రూపాయల 76 పైసలుగా ఉన్నది ఒక్క రాత్రిలో 7 రూపాయల 50 పైసలైనది. చలికాలం వచ్చేసరికి విశాఖ ఉక్కు కొరకు ఆంధ్రదేశమంతటా ఆందోళన రేగినది. మన కొండలలో కొత్తవలస నుండి కిరండూలుకు వేస్తున్న రైలుదారి పని ముగింపుకు వస్తున్నది. అదే యేడు కలకత్తా చెంత ఉత్తరపాడా కర్మాగారంలో ఒక అంబాసిడరు కారు తయారై బయటికి వచ్చినది.

ఆ కారుతో లోకానికి నిమిత్తం లేదు. మనకు ఉన్నది. ఎందుకనగా, కోరాపుట్టులో ఒక రేకుల షెడ్డులో ఇరవై ఆరేండ్లు కదలక పడి ఉన్న ఆ బండి, మొన్నటి డిసెంబరులో తన చక్రాల మీద తానే నడిచి రాయగడ చేరినది. సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసినదని సంఘం వారు కోరినందున, రాజుల కథలకు బదులు ఈ కారు కథ వ్రాయ సాహసిస్తున్నాము. దీనిలో మనవారి కథ కూడా కొంత కలిసి ఉన్నది.

మనలను ఇక్కడ వలస వచ్చినవారంటారు. మనమూ అట్లే చెప్పుకొంటాము. చరిత్ర మాత్రం కొంచెం వేరు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం అన్నీ మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలోనివే. ఆ రోజున ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, కోరాపుట్ వేరు జిల్లా అయినది. దానినుండి రాయగడ 1992 అక్టోబరు 2న విడివడినది. కనుక మన తాతలలో కొందరు ఊరు కదలకుండానే వలసదారులైనారు. సరిహద్దే వారిని దాటుకొని పోయినది. జయపురం ప్రభువులు విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి యేటా లక్ష రూపాయలు ఇచ్చిన సంగతి తెలియని తెలుగువాడు ఈ ప్రాంతంలో ఉండడు. అంతటి సంబంధం రెండు వైపులా ఉండేది.

నిజంగా మూట కట్టుకొని వచ్చినవారు ఆ తరువాత పనుల వెంట వచ్చినారు. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో ప్రారంభమైనది. దండకారణ్య పథకం 1958లో వచ్చినది. రాయగడ వద్ద జె.కె.పురం కాగితపు మిల్లు 1962లో, సునాబేడ విమాన ఇంజన్ల కర్మాగారం 1964లో వచ్చినవి. తరువాత దమంజోడి అల్యూమినా. ఒక్కొక్క పనికి ఒక్కొక్క తరం తెలుగు మేస్త్రీలు, గుమస్తాలు, కంట్రాక్టర్లు, హోటలువారు, టీచర్లు కొండ ఎక్కినారు.

ఎక్కుటకు రెండే ద్వారాలు. రాయగడకు రైలు ఉన్నది. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూరు పోయే ఆ దారి 1931 నాటికి పూర్తి అయినది. కోరాపుట్టుకు సాలూరు ఘాటు రోడ్డు. సాలూరు, పాచిపెంట దాటి, సుంకి మీదుగా మలుపులు తిరిగి, పొట్టంగి, సిమిలిగుడ, సునాబేడ చూచుకొంటూ కోరాపుట్ చేరాలి. నిన్నటి దాకా దానిని 43వ నెంబరు జాతీయ రహదారి అనేవారు; ఇప్పుడు 26. కిరండూలు రైలు వచ్చిన పిమ్మట కోరాపుట్టుకూ స్టేషను వచ్చినది. అయితే ఒక విచిత్రం చూడండి. కోరాపుట్ నుండి రాయగడకు, అనగా ఒకే జిల్లాలో ఒక పట్టణం నుండి మరొక పట్టణానికి, రైలులో పోవలెనన్నచో అరకు మీదుగా కొండ దిగి కొత్తవలస చేరి, విజయనగరం వచ్చి, మరల పార్వతీపురం మీదుగా పైకి ఎక్కవలసినదే. ముక్కు ఎక్కడున్నదంటే తల చుట్టూ చేయి త్రిప్పి చూపినట్లు. రోడ్డున పోతే నూరు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ రోడ్డు మీద మనవారి బ్రదుకులో మోటారుకు ఉన్న విలువ ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు.

ఇక కారు సంగతి. అప్పటి మన దేశంలో కారు అంటే మూడే ఇండ్లు. ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాతు తీరాన ఓఖా రేవులో పుట్టి, 1948లో ఉత్తరపాడాకు మారినది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను తెచ్చి 1957లో అంబాసిడరు పేరుతో మొదలుపెట్టినారు. కొలది యేండ్లలోనే దానికి 1489 సి.సి. కవాటాలు పైన ఉండే ఇంజను అమర్చినారు. బలం సుమారు 50 గుర్రాలు. ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను కట్టలు, ముందు సీటు బెంచీ వలె ఒకటే పొడుగు, గేరు కఱ్ఱ స్టీరింగు ప్రక్కన. నాజూకు లేదు. పరుగూ లేదు. కాని గుంతలు పడిన కొండదారిన ఏడుగురిని, నాలుగు పెట్టెలను, ఒక బియ్యపు మూటను మోసుకొని పోవుటకు దానిని మించినది లేదు. పాడైతే ఊరి కమ్మరి కూడ చేయి వేయగలిగిన బండి. ఇంగ్లండులో ఆ నమూనా 1959లోనే నిలిచిపోగా, మన దేశంలో 2014 మే నెల దాకా దాని సంతతి తయారగుతూనే ఉన్నది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు పెజో వారు 80 కోట్లకు కొన్నారు. కొన్నది పేరు మాత్రమే, బండి రాలేదు.

మన కథలోని కారు మార్క్ 2 రకం. దాని యజమాని విజయనగరం ప్రాంతం నుండి వచ్చిన చిన్న కంట్రాక్టరు. రైలుదారి పనులకు కంకర తోలించుటతో మొదలుపెట్టి, తరువాత క్వార్టర్ల పనులు చేసినారు. వారిప్పుడు లేరు. ఇంటివారి కోరిక మేరకు పేరు వ్రాయలేదు. 1972లో విశాఖలో ఆ బండిని పాతదిగానే కొన్నారు. అప్పటినుండి 1999 దాకా ప్రతి ప్రయాణాన్నీ ఒక అట్ట పుస్తకంలో వ్రాసి, డ్యాష్‌బోర్డు అరలో పెట్టినారు. తారీకు, ఎక్కడికి, ఎన్ని మైళ్లు, పెట్రోలు ఎన్ని లీటర్లు, నీళ్లు ఎన్నిసార్లు. మేము రైల్వే ఆఫీసులో రిజిస్టర్లు వ్రాసి బ్రతికేవారము. ఇంత శుభ్రమైన రిజిస్టరు మా ఆఫీసులోనూ తక్కువ.

చరిత్ర అంటే తామ్రశాసనాలే కానక్కరలేదని ఆ పుస్తకం చూచిన తరువాత మాకు తోచినది. "సుంకి దగ్గర బ్రేకు వేడి, అరగంట ఆగితిమి" అని ఒకచోట. "కోడలు పురుడు, విశాఖ పెద్దాసుపత్రి, రాత్రి 9 గంటలకు బయలుదేరి తెల్లవారి 4కు" అని మరొకచోట. ఆ పురుడున పుట్టిన ఆయన ఇప్పుడు మన సంఘంలో సభ్యులే. పొరుగింటి ఒడియా మాస్టారి కూతురి పెండ్లికి మూడు రోజులు కారు ఇచ్చినట్లు ఉన్నది. పెట్రోలు ఖాతాలో "మనదే" అని వ్రాసి ఉన్నది. పుష్యమాసంలో పండుగకు క్రిందికి, పండుగైన మూడవ నాడు పైకి. వీటన్నింటిలో మమ్ములను ఆపివేసినది ఒక చిన్న మాట. కోరాపుట్ నుండి విజయనగరం పోయినప్పుడు "ఇంటికి" అని వ్రాసినారు. విజయనగరం నుండి కోరాపుట్ తిరిగి వచ్చినప్పుడు కూడ "ఇంటికి" అనే వ్రాసినారు. ఇరవై ఏడేండ్లలో ఒక్కసారి కూడ ఈ మాట మారలేదు.

కారు మూలపడుటకు కారణం మా శాఖే అని చెప్పక తప్పదు. దమంజోడి సరకుల కోసమని తలపెట్టిన కోరాపుట్–రాయగడ రైలుదారి 1998 డిసెంబరు 31 నాటికి పూర్తి అయినది. కాకిరిగుమ్మ, లక్ష్మీపురం రోడ్డు, టికిరి, రౌలి, లెల్లిగుమ్మ, భాలుమస్కా అని స్టేషన్లు లేచినవి. తల చుట్టూ చేయి త్రిప్పే పని తప్పినది. మరుసటి యేడు ఆ పెద్దాయన పనులు మానుకొని రాయగడలో ఇల్లు కట్టుకొన్నారు. సామాను రైలులో వేసినారు, మనుషులూ రైలులోనే పోయినారు. కారుకు అప్పుడు క్లచ్చు పని ఉన్నది. బాగు చేయించి తరువాత తెచ్చుకొందామని షెడ్డులో పెట్టి తాళం వేసినారు. ఆ తరువాత అనేది రాలేదు. వారు పోయినారు. కుమారులు ఒకరు విశాఖలో, ఒకరు హైదరాబాదులో స్థిరపడినారు. మామ్మగారు కూతురితో రాయగడలోనే ఉన్నారు.

కిందటి వేసవిలో షెడ్డు ఉన్న స్థలం అమ్ముడైనది. స్థలం కొన్నవారు దసరా నాటికి ఖాళీ చేయవలెనన్నారు. పాత ఇనుము వ్యాపారి వచ్చి చూచి, తూకం లెక్కన ధర చెప్పినాడు. పెద్దకుమారుడు, "ఆ డబ్బు ఏ గుడికో ఇచ్చివేద్దాం, పీడ వదులుతుంది" అన్నారు. చిన్నవారు, "తెస్తే విశాఖకే తేవాలి, రాయగడలో ఎవరు నడుపుతారు?" అన్నారు. విశాఖలో వారుండేది అపార్టుమెంటు. ఉన్న ఒక్క కారుకే చోటు చాలదు. మామ్మగారు మాత్రం ఏమీ అనలేదు. మేము నలుగురము స్నేహితులము, సంఘం పనుల మీద ఆ ఇంటికి పోతూ వస్తూ ఉండేవారము. ఆ అట్ట పుస్తకం అప్పుడే మా చేతికి వచ్చినది.

పాత ఇనుము కోసం డబ్బు తగలేసే బుద్ధిమంతులు ఎక్కడైనా ఉన్నారా అని పెద్దకుమారుడు అడిగినారు. ఉన్నారని చెప్పినాము. చదువరులకూ అవి తెలియదగినవి.

సుభాష్ చంద్రబోసు గారు 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటిన పిమ్మట కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంటినుండి తప్పించుకొన్నది ఒక కారులో. అది జర్మనీ దేశపు వాండరర్ కారు, నెంబరు బి.ఎల్.ఎ. 7169. నడిపినది ఆయన అన్న కుమారుడు శిశిర్ కుమార్ బోసు. ఇంటి చుట్టూ పోలీసు కావలి ఉండగా, మౌల్వీ వేషంలో ఉన్న బాబాయిని కూర్చుండబెట్టుకొని, రాత్రంతా నడిపి ధన్‌బాద్ ప్రాంతం చేర్చినారు. మరుసటి రాత్రి గోమో స్టేషనులో నేతాజీ కాల్కా మెయిలు ఎక్కినారు. రైల్వేవారము కనుక మాకు ఆ స్టేషను పేరు తలచుకొంటే ఒక గర్వం. 2009లో దానికి నేతాజీ పేరే పెట్టినారు. ఆ కారు తరువాత దశాబ్దాల తరబడి అదే ఇంటి ఆవరణలో అద్దాల వెనుక నిలిచిపోయినది. దానిని మరల బాగుచేసి, కదిలే స్థితికి తెచ్చి, 2017 జనవరి 18న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారి చేత ఆవిష్కరింపజేసినారు. బొమ్మగా నిలబెట్టుటకు ఇంత శ్రమ అక్కరలేదు. నడిచిన బండి నడవవలెననే పట్టుదలతో చేసిన పని అది.

మన హైదరాబాదులోనూ ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఒక రోల్స్ రాయిస్ సింహాసనపు కారును ఆర్డరు చేసినారు. అదే యేడు ఆయన కన్నుమూసినారు. కారు కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ గారి కాలంలో వచ్చినది, బహు కొద్దిగా తిరిగినది, తరువాత మరుగున పడినది. ఇప్పుడు బాగుచేసి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంచినారు. రాజుల బండి గనుక దానికి దిక్కు దొరికినది అని మీరు అనవచ్చు. మేమూ అట్లే అనుకొన్నాము.

ఒడిశాలో బిజూ పట్నాయక్ గారి డకోటా విమానం సంగతి వేరు. 1947లో ఇండొనీషియా నాయకుడు షహరీర్‌ను డచ్చివారి కళ్లుగప్పి జావా నుండి తెచ్చిన వైమానికుడు బిజూబాబు. ఆయన డకోటాలలో ఒకటి కలకత్తా విమానాశ్రయంలో ఎన్నో యేండ్లు గడ్డిలో పడి ఉన్నది. దానిని 2023 జనవరిలో ముక్కలుగా విడదీసి, లారీల మీద భువనేశ్వరం తెచ్చి, మరల కూర్చి విమానాశ్రయం వద్ద నిలబెట్టినారు. ఇల్లు చేరినది, మంచిదే, కాని ఎగరదు. అదే రకపు మరొక డకోటా, తుక్కుగా ఐర్లండులో దొరికినది, ఇంగ్లండులో బాగుపడి, పరశురామ అన్న పేరుతో 2018 ఏప్రిల్ నెలలో తన రెక్కల మీద తానే దేశాలు దాటుకొంటూ ఇండియాకు ఎగిరి వచ్చినది. లారీ మీద తెచ్చుట ఒక పని, నడిపించుకొని తెచ్చుట మరొక పని. రెండవది చేయవలెనని మాకు అప్పుడే మనసు కుదిరినది. మామ్మగారు అంతదాకా విని ఒక్క మాట అన్నారు: "ఆ బండిని ఆయన కొన్నది ఈ కొండల కోసం. క్రిందికి పంపవద్దు."

సాలూరు లారీల పట్టణమని చదువరులకు తెలుసు. అక్కడినుండి ఒక పెద్ద మేస్త్రీని తీసుకొని పోయినాము. షెడ్డు తాళం రాలేదు, గొళ్లెం కోసినాము. లోపల కారు మీద ధూళి ఒక దుప్పటి వలె ఉన్నది. టైర్లు నాలుగూ నేలకు అతుక్కొన్నవి. వెనుక సీటులో ఎలుకలు కాపురం చేసి పోయినవి, ఎయిర్ క్లీనరులో కందిరీగలు గూడు కట్టినవి. మేస్త్రీ బానెట్టు ఎత్తి, డిప్‌స్టిక్కు లాగి, ఆయిలు వ్రేళ్ల మధ్య రుద్ది వాసన చూచినాడు. "ఇంజను సచ్చిపోనేదు బావూ, తొంగుందంతే" అన్నాడు.

మాచ్‌ఖండ్ నదికి ముచికుంద నది అని కూడ పేరు. యుగాల తరబడి గుహలో నిద్రపోయిన ముచికుందుణ్ణి లేపినవాడు భస్మమైనాడని భాగవత కథ. నిద్రపోయిన ఇంజనును లేపుటలోనూ అటువంటి ప్రమాదం ఉన్నది. భస్మమయ్యేది మాత్రం ఇంజనే. తొందరపడి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టినచో, తుప్పుపట్టిన రింగులు సిలిండరు గోడలను గీకివేస్తవి. అందుచే మేస్త్రీ నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క రంధ్రంలో ఆయిలూ డీజిలూ కలిపి పోసి, అయిదు రోజులు ముట్టవద్దన్నాడు. ఆరవ రోజున ముందు నుండి హ్యాండిలు పెట్టి, బలం ప్రయోగించక, గడియారం ముల్లు జరిపినట్లు కొంచెం కొంచెం జరిపినాడు. పావు చుట్టు తిరిగి ఆగినది. మరల ఆయిలు. తొమ్మిదవ రోజున పూర్తి చుట్టు తిరిగినది. ఆ రోజు మేస్త్రీ తాగిన టీలకు లెక్క లేదు.

ఇంజను తేలికే అయినది, తక్కినవే కష్టపెట్టినవి. పాత పెట్రోలు టాంకులో బెల్లం పాకం వలె గట్టిపడి ఉన్నది. టాంకు దింపి, లోపల గొలుసు ముక్కలు వేసి గలగలలాడించి కడిగినారు. బ్రేకుల వీలు సిలిండర్లు నాలుగూ బిగిసిపోయినవి. క్లచ్చు ప్లేటు అతుక్కొన్నది. వైర్లన్నీ ఎలుకల పాలు. రబ్బరు సామాన్లు కొన్ని విశాఖలో దొరికినవి, కొన్నింటికి కలకత్తా మల్లిక్ బజారు దాకా మనిషిని పంపవలసి వచ్చినది. కారు కంపెనీ పోయినా దాని సామాను ఇంకా దొరకుట, దానిని ఎరిగిన చేతులు ఇంకా ఉండుట, ఈ రెండూ కలిసినందుననే పని జరిగినది. ఈ మేస్త్రీకి డెబ్బది యేండ్లు. ఆయన దగ్గర పని నేర్చుకొన్న కుర్రవాళ్లు ఇప్పుడు కంప్యూటరు తగిలించి చూచే కార్లకే పోతున్నారు. వారిని తప్పు పట్టలేము.

ఒక వింత చెప్పాలి. ఈ బండి పడుకొన్నది 1999లో. అప్పటి పెట్రోలులో సీసం ఉండేది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు అందులో నూటికి ఇరవై వంతుల దాకా ఇథనాలు. పాత ఇంజన్లలో కవాటాల పీటలకు సీసం మెత్తదనం ఇచ్చి కాపాడేది; ఇథనాలు పాత రబ్బరును, కార్కును తినివేస్తుంది. కనుక లేచిన బండికి తిండే మారిపోయినది. మేస్త్రీ పెట్రోలు గొట్టాలన్నీ కొత్త రకానివి వేసి, కవాటాల సందు సరిచేసి, "దీనికి కొత్తన్నం అరగాలి, నిమ్మళంగా నడపండి" అన్నాడు.

కాగితాల సంగతి కూడ చెప్పవలెను, రేపు మీలో ఎవరైనా ఇటువంటి పనికి పూనుకొంటే పనికి వస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేండ్లకు, ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకోవలెను. యజమాని పోయినచో ముందు వారసుల పేరునకు మార్చవలెను. 2021 నుండి మరొక దారి ఏర్పడినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 యేండ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండిని పురాతన వాహనంగా నమోదు చేయవచ్చును. దానికి నెంబరులో వి.ఎ. అన్న అక్షరాలు వస్తవి. మొదట రుసుము 20,000 రూపాయలు, మరల పొడిగించుటకు 5,000. కాని ఆ బండ్లను రోజువారీ పనులకు త్రిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మత్తుకు మాత్రమే. మామ్మగారు గుడికి, సంతకు పోవలెనన్నారు గనుక మామూలు పొడిగింపే కోరినాము. ఒక కాగితం మీద తండ్రి పేరులో ఒక అక్షరం, మరొక కాగితం మీద మరొక అక్షరం. ఒక కార్యాలయంలో దానికే ఆరు వారాలు గడిచినవి. మేమూ గుమస్తాలమే కనుక గుమస్తాను కోపగించుకొనుటకు నోరు రాలేదు. స్థలం కొన్నవారు మాత్రం పెద్దమనసుతో డిసెంబరు దాకా ఆగినారు.

డిసెంబరు ఆఖరు ఆదివారం ఉదయం ఏడు గంటలకు బయలుదేరినాము. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, రాయగడ సుమారు 200. అనగా మొత్తం మీద దిగుటే. కాని కొండదారిలో దిగుట సుఖమని అనుకొనేవారు మోటారు నడపనివారు. ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కుతుంది, దిగేటప్పుడు బ్రేకులు. డ్రమ్ము బ్రేకులను విడువక త్రొక్కితే వేడికి పట్టు జారిపోతుంది. అందుచే దిగుడులో రెండవ గేరులో వేసి, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచవలెను. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్ల సూత్రం. స్టీరింగు మేస్త్రీ చేతిలో, నీళ్ల డబ్బాలు మా కాళ్ల దగ్గర.

పొగమంచులో గంటకు ముప్పది కిలోమీటర్లకు మించలేదు. కాకిరిగుమ్మ ప్రాంతంలో ఒక ఎక్కుడులో బండి దగ్గి ఆగిపోయినది. వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోయినదని మేస్త్రీ తేల్చి, తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలు బీడీ కాల్చుకొన్నాడు. అంతలో సంతకు పోతున్న కొండ జనం చుట్టూ మూగినారు. ఒక ముసలాయన బానెట్టు మీద చేయి వేసి, ఒడియాలో, ఇది ఫలానా కంట్రాక్టరు బాబు బండి కదా అని అడిగినాడు. మాకు నోట మాట రాలేదు. తాను కుర్రవానిగా ఆయన దగ్గర కంకర కొట్టినాడట. ఒకనాడు పాము కరిస్తే ఆ బండిలోనే ఆసుపత్రికి తీసుకొనిపోయినారట. తరువాత పుస్తకంలో వెదికినాము. 1978 శ్రావణంలో ఒక పంక్తి ఉన్నది: "ఆసుపత్రి, కూలి కుర్రవాడు, 22 మైళ్లు." పేరు లేదు, కారణం లేదు. అతడేనేమో.

లక్ష్మీపురంలో నీళ్లు పోసినాము, టీ తాగినాము. దానికి ఆవల దిగుడు. ఒకచోట రైలు కూత వినబడినది. ఆ దారి వచ్చినందువలననే గదా ఈ కారు మూలపడినది; ఇన్నాళ్లకు రైల్వే గుమస్తాలే దానిని ఇల్లు చేర్చుతున్నారని మాలో ఒకరు అన్నారు. శాఖ తరఫున ప్రాయశ్చిత్తం కింద జమ కట్టుకొమ్మన్నాము. మధ్యాహ్నం ఒంటిగంట దాటిన తరువాత రాయగడ చేరి, మజ్జిగౌరి అమ్మవారి గుడి ముందు ఆపి, నిమ్మకాయలు త్రొక్కించి, కొబ్బరికాయ కొట్టినాము.

మామ్మగారు వీధి అరుగు మీదనే కూర్చుని ఉన్నారు. ఏడుస్తారేమోనని మేము బిగపట్టుకొని ఉన్నాము. ఆమె లేచి వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనుకకు పోయి, "జాకీ తెచ్చినారా? ఆయన జాకీ లేకుండా గుమ్మం దాటేవారు కాదు" అన్నారు. జాకీ ఉన్నది. విశాఖ నుండి వచ్చిన పెద్దకుమారుడు ఆ సాయంత్రమే తల్లిని ముందు సీటులో కూర్చుండబెట్టుకొని బజారు దాకా నడిపినారు. గేరు స్టీరింగు ప్రక్కన ఉండుట మరచిపోయి రెండుసార్లు గాలిలో చేయి త్రిప్పినారు.

ఖర్చు ఎంతయినదని అందరూ అడుగుతున్నారు. మంచి కొత్త స్కూటరు ధర కంటె ఎక్కువ, నడిచే పాత కారు ధర కంటె తక్కువ. ముగ్గురు పిల్లలూ సమానంగా పెట్టుకొన్నారు. ఇంకా పెట్రోలు ముల్లు పని చేయుట లేదు, ఎడమ వెనుక తలుపు లోపలినుండి తెరుచుకోదు.

అట్ట పుస్తకాన్ని ఇంటివారి అనుమతితో పుట పుటా ఫొటో తీయించి సంఘం గ్రంథాలయంలో ఉంచినాము. ఉగాదినాడు పంచాంగ శ్రవణం తరువాత కారును సభా ప్రాంగణంలో నిలుపుతారు. పిల్లలు ఎక్కి చూడవచ్చును, హారను మాత్రం మామ్మగారి అనుమతితో కొట్టవలెను. కోరాపుట్, జయపురం, సునాబేడ, గుణుపురం ప్రాంతాలలో మన కుటుంబాల షెడ్లలో ఇటువంటి జీపులు, లారీలు, మోటారు సైకిళ్లు ఇంకా ఉన్నవని విన్నాము. పాత ఇనుము వ్యాపారిని పిలిచేముందు ఒకసారి సీట్ల క్రింద, డ్యాష్‌బోర్డు అరలో వెదికి, రశీదులు గాని, పుస్తకాలు గాని, ఫొటోలు గాని దొరికినచో సంఘానికి తెలియజేయవలసినదిగా కోరుచున్నాము. సాలూరు మేస్త్రీ చిరునామా మా వద్ద ఉన్నది. వర్షాకాలానికి ముందు అయితే తాను రాగలనని ఆయన చెప్పినారు.